బుల్లెమ్మ ముంచుకున్న పడవ

అనగనగా గోదారి నడుమ ఒక లంక. లంకంటే చుట్టూ నీళ్ళు, మధ్యన మట్టి. ఆ మట్టిలో ఏం నాటినా నవ్వుకుంటూ పైకొచ్చేది. వంతెనలు లేని కాలం అది. పడవలు మాట్లాడే కాలం. నవ్వకండర్రా! అప్పట్లో అన్నీ మాట్లాడేవి. ఇప్పుడెందుకు మాట్లాడవంటే నాకేం తెలుసు, వెళ్ళి వాటినే అడగండి.

ఆ లంకలో బుల్లెమ్మ అని ఒకావిడ ఉండేది. పెనిమిటి కాలం చేస్తూ ఆమెకో తమలపాకు తోట మిగిల్చాడు. ఆ తీగలు మొగుడూ పెళ్ళామూ కలిసి పాకించినవి. ఒక్కో తీగ దగ్గర ఆయన ఏమన్నాడో, తనేమందో ఆమెకి గుర్తే. తోటంటే ఆమెకి ప్రాణం.

ఆకు చూస్తే లేతపచ్చన, నోట్లో వేసుకుంటే వెన్న. కానీ ఏం లాభం? సంత అవతలి ఒడ్డున. లంకంతటికీ ఉన్నది ఒక్కటే రేవు పడవ. దాన్ని నడిపేవాడు చుట్ట కాల్చుకుంటూ, పడవ నిండితేగాని తాడు విప్పేవాడు కాదు. ఈలోగా ఎండకి ఆకు కాస్తా వాడిపోయేది. వాడిన ఆకు ఎవరు కొంటారు? మేకలకి వెయ్యాల్సిందే.

"ఇంకో ఏడాది ఇలాగే గడిస్తే తోట ఎవరికో అప్పజెప్పి కూలికి పోవాలి," అనుకుంది బుల్లెమ్మ. ఆ ఆలోచనకే ఆమెకి ఏడుపొచ్చింది. పెట్టె అడుగునుంచి పుట్టింటివాళ్ళు చేతులకి పెట్టిన బంగారు మురుగుల జత తీసింది. అంతకుమించి ఆమెకి దాచుకున్నదంటూ ఏమీ లేదు.

పక్క తోట గవరయ్యకీ ఇదే అవస్థ. ఆయన ఆమెకి వరసకి బావ. ఆమె మురుగులమ్మి సొంత పడవ కొనబోతోందని తెలిసి పకపకా నవ్వాడు.

"ఏం మరదలా, పడవ కొనడమంటే పాలకూర కట్ట కొనడమనుకున్నావా? పద, నేనూ ఒకటి కొంటాను. నన్ను చూసి నేర్చుకుందువుగాని."

ఇద్దరూ అవతలి ఒడ్డున పడవలు చేసే చోటికి వెళ్ళారు. మంచి ఎండాకాలం. తాటాకు పందిరి కింద వడ్రంగి కూర్చుని చెక్క చెక్కుతున్నాడు. పక్కన పడవలకి పూయడానికి మూకుట్లో నూనె పోసి గుగ్గిలం కాస్తున్నారు. అబ్బ, ఆ వాసన! గాలి వాలుకి అర కోసు దూరం వచ్చేది. ఇప్పుడెక్కడుంది ఆ వాసన? ఎన్ని అత్తర్లు పూసుకున్నా నాకు దాని ముందు దిగదుడుపే.

పందిరి పక్కన మూడు పడవలున్నాయి. మొదటిది రంగుల పడవ. ముక్కు మీద నెమలి బొమ్మ, ఒంటి నిండా ఎరుపూ పసుపూ.

బుల్లెమ్మ దాని దగ్గరికి వెళ్ళి అడిగింది. "నిన్ను కొనుక్కుంటే నీకేం కావాలమ్మా?"

"నాకేమీ అక్కర్లేదు," అంది రంగుల పడవ. "ఎక్కి కూర్చో. రాణీలా ఉంటావు. అంతే."

రెండోది పెద్ద పడవ. ఇల్లంత ఉంది.

"నీకేం కావాలమ్మా?"

"నాకా? నాకేమీ అక్కర్లేదు. నీ ఊరంతా ఎక్కినా మోస్తాను," అంది పెద్ద పడవ బొంగురు గొంతుతో.

మూడోది ఓ మూలన ఉంది. చిన్నది. రంగూ లేదు, రూపూ లేదు. చెక్కకీ చెక్కకీ మధ్య సందుల్లోంచి అవతలి ఇసక కనబడుతోంది.

"నీకేం కావాలమ్మా?"

"నాకు చాలా కావాలి తల్లీ," అంది చిన్న పడవ. "ముందు నన్ను నీళ్ళలో ముంచాలి. ఎండకి నా ఒళ్ళు ఎండిపోయింది. కడుపునిండా నీళ్ళు తాగితే చెక్క ఉబ్బి సందులు మూసుకుంటాయి. నేను చాలు అనేదాకా నన్నెక్కకూడదు. ఏటా వేసవిలో ఒడ్డుకి లాగి గుగ్గిలం పూయించాలి. గెడ కావాలి, తెడ్డు కావాలి, కట్టెయ్యడానికి గట్టి తాడూ గుంజా కావాలి. వరదొస్తే నువ్వు నిద్ర మానుకుని నన్ను కాసుకోవాలి. అన్నట్టు, నేను మోసేది కొంచెమే."

గవరయ్య పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఇది పడవా, అత్తగారా? కోరికల చిట్టా విప్పింది! నాకు ఆ రంగులదే కావాలయ్యా," అని వడ్రంగితో బేరం కుదుర్చుకున్నాడు.

బుల్లెమ్మ ఆలోచించింది. 'మిగతా వాటిలో ఏది కొన్నా మురుగులు రెండూ పోతాయి. ఇదైతే ఒక్కటి చాలు. రెండోది దీని తిండికీ బట్టకీ ఉంటుంది. అయినా కావలసినవన్నీ ముందే చెప్పిన మనిషిని నేనింతవరకు చూడలేదు.'

అలా చిన్న పడవని కొనుక్కుంది. రేవు పడవ వెనక తాడుతో కట్టించి లంకకి తెచ్చుకుంది. తెచ్చిన వెంటనే రేవు పక్కన లోతు తక్కువ నీళ్ళలో దించి, లోపల రాళ్ళు పేర్చి, బుడుంగున ముంచేసింది!

లంకంతా గొల్లున నవ్వింది. "బంగారం పెట్టి పడవ కొనుక్కుని తనే ముంచుకుందర్రా!" అన్నారు మగాళ్ళు. "మొగుడు పోయాక మతి కూడా పోయింది పాపం," అన్నారు ఆడాళ్ళు. లోకులు కాకులని ఊరికే అన్నారా?

నెలకోసారి పెద్ద సంత. మొదటి సంత వచ్చింది. గవరయ్య రంగుల పడవలో ఆకు వేసుకుని ఝామ్మని వెళ్ళాడు. బుల్లెమ్మ రేవులో కూర్చుని నీళ్ళలోకి వంగి అడిగింది. "చాలా?"

"ఇంకా చాలదు," అని బుడగలొచ్చాయి.

రెండో సంత వచ్చింది. గవరయ్య కొత్త పంచె కట్టుకుని వెళ్ళాడు. "మరదలా, నీ పడవలో చేపలు కాపురం పెట్టాయా?" అని అరిచాడు. బుల్లెమ్మకి తల కొట్టేసినట్టయింది. "చాలా అమ్మా?" అంది ఏడుపు గొంతుతో.

"ఇంకొంచెం ఓర్చుకో తల్లీ."

మూడో సంత శ్రావణమాసపు సంత. పెళ్ళిళ్ళూ నోములూ ఒక్కసారే వచ్చే రోజులు. ఆ సంతలో అమ్మిన ఆకే ఏడాది తిండి. గోదాట్లోకి వరద ఎర్రనీరు దిగింది. ఆకు కోసి బుట్టలకెత్తి రేవుకొచ్చింది బుల్లెమ్మ. నీళ్ళలోకి వంగి అడిగింది. "చాలా?"

"చాలు. ఇక లేపు," అంది పడవ.

రాళ్ళు తీసి, నీళ్ళు తోడి చూస్తే ఒక్క సందు లేదు. పడవ లోపలికి మళ్ళీ ఒక్క చుక్క కూడా ఊరలేదు. ఆమెకి అప్పుడు కళ్ళనీళ్ళు ఆగలేదు. బుట్టలెక్కించి గెడ వేసింది. ముందు గవరయ్య పడవ, వెనక ఆమె పడవ.

నడి గోదాట్లో 'టప్పు'మని చప్పుడైంది. ఏమైందంటే, రంగుల పడవకీ సందులున్నాయి. ఎండిన చెక్కల మధ్య కొబ్బరిపీచు గట్టిగా కుక్కి, పైన రంగు పులిమేశారు. నానిన చెక్క ఉబ్బడానికి చోటేదీ? శెనగలు మూటగట్టి నానబెడితే మూట పిగిలిపోదూ! అలాగే ఎర్రనీటి తోపుకి మేకులూడి చెక్క లేచిపోయింది.

"బుల్లెమ్మా! మునిగిపోతున్నానే!" అని గవరయ్య కేక.

మునిగేటప్పుడైనా నిజం చెప్పిందా ఆ పడవ? లేదు. "నాకేమీ అక్కర్లేదు, నాకేమీ అక్కర్లేదు," అంటూనే నెమలి బొమ్మతో సహా కిందికి పోయింది.

బుల్లెమ్మ తన పడవనడిగింది. "బుట్టలూ మనిషీ మొయ్యగలవా?"

"మొయ్యలేను తల్లీ. సగం బుట్టలు తీసేస్తే మోస్తాను."

ఏడాది తిండి అది. అయినా ఆమె ఒక్క క్షణం కూడా తటపటాయించలేదు. సగం బుట్టలు గోదారికిచ్చేసి, గవరయ్య జుట్టు పట్టుకుని పైకి లాగింది.

మిగిలిన సగం ఆకు మిలమిలలాడుతూ సంతకి చేరింది. పెళ్ళివాళ్ళు ఎగబడి కొన్నారు. అమ్మిన సొమ్ము పొదుపుగా వాడుకుంటే ఏడాది గడిచేంత వచ్చింది. తోట నిలిచింది.

తిరిగొచ్చి లంక రేవులో దిగాక గవరయ్య తల వంచుకుని నిలబడ్డాడు. "నిన్ను నానా మాటలూ అన్నాను. నా ప్రాణం నిలబెట్టావు. నీకేం ఇచ్చుకోను మరదలా?"

'ఏమీ వద్దులే బావా' అనే మాట బుల్లెమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. మర్యాద తెలిసిన మనుషులం కదా, అందరం అనేది అదే. ఆమె ఆగింది. పడవ వైపు చూసింది.

"నాకు చాలా కావాలి బావా," అంది. "నీ కోసం పారేసిన ఆకుకి బదులు నీ తోటలో ఆకు కావాలి. వేసవిలో గుగ్గిలం పూయడానికి నీ సాయం కావాలి. వరదొచ్చినప్పుడు పడవ దగ్గర కాపలాకి తోడు కావాలి. ఒక్కదాన్నే చేసుకోలేను."

గవరయ్య ముఖం వెలిగింది. "అలా చెప్పు! ఇంతకాలం ఏమీ వద్దంటుంటే, నీకేం లోటు లేదనుకున్నానే!"

ఆ తర్వాత ఆ పడవ ఎన్నేళ్ళు తిరిగిందో! వేసవి వచ్చిందంటే లంకంతా కలిసి దాన్ని ఒడ్డుకి లాగేది. గుగ్గిలం కాగుతుంటే పిల్లలకి బెల్లం ముక్కలు, పెద్దలకి తాంబూలాలు. ఇప్పుడా రేవుకి వంతెనొచ్చింది. మంచిదే, కాదనను. కానీ వంతెనకి ఏం కావాలో ఎవరూ అడగరు, అందుకోసం ఎవరూ పోగవరు. నాకు మాత్రం ఆ రోజులే బావుండేవి.

కథ ఒడ్డు చేరింది, ఇక అందరూ దిగండి. దిగేముందు ఈ మాట మాత్రం మూటగట్టుకోండి: నాకేమీ అక్కర్లేదనేవాళ్ళ తీపి మాట నడి ఏటి దాకానే, కావలసింది ముందే చెప్పేవాళ్ళే కడదాకా తోడు.