చూసినవాడికి దండం

అనగనగా ఒక అడవిలో ఒక రైలు ఉండేది. అడవిలో రైలేమిటని నవ్వుతున్నారా? నవ్వండి. ఆ అడవి జంతువులకు మాత్రం ఆ రైలు పేరెత్తితే నవ్వు వచ్చేది కాదు.

అది సర్కారు రైలు. రాజైన సింహంగారి తాత వేయించాడు. ఒక చివర ఏటిపాలెం. అక్కడ ఏడాది పొడుగునా ఏరు పారుతుంది. రెండో చివర రాతిదిబ్బ. అక్కడ ఎండాకాలంలో నేల నెర్రెలు బారుతుంది, గుంటలన్నీ ఎండిపోతాయి. వేసవిలో రాతిదిబ్బ జంతువులు తాగే ప్రతి చుక్కా ఆ రైల్లోనే రావాలి.

తాతగారి కాలంలో రైలు పొద్దు నడినెత్తికి రాకముందే రాతిదిబ్బ చేరేది. మనవడి కాలానికి ఎప్పుడు చేరుతుందో రైలుకే తెలియదు. స్టేషన్లో ఎవరిని అడిగినా ఒకటే జవాబు. "వస్తోంది." ఇంకా బయలుదేరకపోయినా వస్తోంది. దారిలో చక్రం ఊడి పడి ఉన్నా వస్తోంది.

ఎందుకలా అంటారా? ఆ రైల్వేలో ఒక పాడు ఆచారం ఉండేది. చూసినవాడిదే తప్పు. పట్టాల మీద ఏదైనా చెడిపోయిందని ఎవరైనా వచ్చి చెబితే, మేనేజరు ఏనుగుగారు ముందు వాడి చేతే సంజాయిషీ రాయించేవారు. సంజాయిషీ అంటే తెలుసుగా? ఇలా ఎందుకు జరిగింది, నిన్నెందుకు శిక్షించకూడదు అని పెద్దవాళ్ళు అడిగితే చిన్నవాళ్ళు వణుకుతూ రాసే కాగితం.

పట్టయ్య అని ఒక ఉడుము ఉండేవాడు. రోజూ రైలు కంటే ముందు పట్టాల వెంట పాకుతూ పోయి, అవి సరిగా ఉన్నాయో లేదో చూడడం అతని పని. పొట్ట ఇనుముకు ఆనుకునే ఉంటుంది కాబట్టి కంటికి కనిపించని బీట కూడా అతనికి తెలిసిపోయేది. ఒకసారి బోల్టు వదులైందని చెప్పాడు పాపం. నువ్వు చూసేదాకా అది బాగానే ఉంది కదా, ఎందుకు చూశావని ఏనుగుగారు కోప్పడి, మూడు రోజులు ఎండలో నిలబెట్టారు. పట్టయ్య వీపు బొబ్బలెక్కింది. ఆ తర్వాత అతను పట్టాల మీద పాకుతూ ఆకాశంలోకి చూసేవాడు. మిగతావాళ్ళూ అదే నేర్చుకున్నారు.

ఇక రిజిస్టరు రాసేది ధవళయ్య అనే కొంగ. తెల్లటి బట్టలు, ఒంటికాలి మీద నిలబడి కళ్ళు మూసుకోవడం, చూస్తే మహా భక్తుడు. అది కొంగ జపమని అందరికీ తెలుసు. రైలు ఎప్పుడొచ్చినా, అసలు రాకపోయినా, ఆయన ముక్కును సిరాలో ముంచి ఒకే మాట రాసేవాడు. "సకాలం." రాజుగారు నెలకోసారి రిజిస్టరు తిరగేసి, భేష్ అని నిద్రపోయేవారు.

ఆ ఏడు ఎండలు మండిపోయాయి. మొదట ఒక రోజు రైలు చీకటి పడ్డాక చేరింది. రెండోసారి కొక్కెం తెగి సగం నీళ్ళ బోగీలు దారిలోనే ఉండిపోయాయి. గోరుచుట్టు మీద రోకటి పోటులా మూడోసారి రైలు పట్టాలు తప్పి పడిపోయింది. నీళ్ళన్నీ ఇసుక తాగేసింది. రాతిదిబ్బలో రెండు దుప్పి పిల్లలు దాహానికి చచ్చిపోయాయి.

ఆ పిల్లల తల్లి దుప్పి ముప్పై కోసులు నడిచి రాజుగారి ముందుకు వచ్చింది. ఏడవలేదు. ఏడవడానికి ఒంట్లో నీళ్ళు ఉండాలి కదా. మీ రైలును నమ్ముకుని కూర్చున్నాం, నమ్మొద్దని ముందే చెప్పి ఉంటే వానాకాలంలోనే ఊరు వదిలిపోయేవాళ్ళం అంది.

రాజుగారు రిజిస్టరు తెప్పించారు. ఆ మూడు రోజులకూ సకాలం, సకాలం, సకాలం అని ఉంది. ఆయన జూలు నిక్కబొడుచుకుంది. ఏనుగుగారు ఆ సాయంత్రమే ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టి వెళ్ళిపోయారు.

రాజుగారు సభ పెట్టి ఆజ్ఞ ఇచ్చారు. వానలు పడడానికి ఇంకా నలభై రోజులున్నాయి. ఈ నలభై రోజులూ రైలు పొద్దు నడినెత్తికి రాకముందే రాతిదిబ్బ చేరాలి. ఒక్కరోజు ఆలస్యమైనా రైలు మూసేస్తాను, పట్టాలు పీకించేస్తాను, రాతిదిబ్బ వాళ్ళంతా నడిచి అడవి దాటిపోవాలి. ఆ మాట వినగానే సభలో ముసలివాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మండుటెండలో ముప్పై కోసులు రాతిదిబ్బ పిల్లలూ ముసలివాళ్ళూ నడవలేరని అందరికీ తెలుసు.

మరి మేనేజరు ఎవరు? పిల్లి మెడలో గంట కట్టేదెవరు? పెద్ద పెద్ద జంతువులన్నీ కుక్కిన పేనుల్లా కూర్చున్నాయి. చివరికి వెనక వరసలోంచి ఒక ముళ్ళపంది లేచింది. పేరు సూదమ్మ. ఏటిపాలెంలో బోగీలకు నీళ్ళు పట్టించేది. ఒళ్ళంతా ముళ్ళు, మాట మాత్రం మెత్తన. నేను చేస్తాను, కాకపోతే ఈ నలభై రోజులూ రైల్వేలో నా మాటే చెల్లాలి అంది. రాజుగారు సరేనన్నారు.

సూదమ్మ మొదట ఏనుగుగారి పెద్ద కుర్చీని రాతిదిబ్బ ప్లాట్‌ఫారం మీద వేయించింది. ఎవరైనా కూర్చోవచ్చంది. తర్వాత ఆ చివరి నుంచి ఈ చివరి దాకా పట్టాల వెంట నడిచింది. మూడో పనిగా అందరినీ పిలిచి కొత్త నియమం చెప్పింది.

"ఇక సంజాయిషీలు లేవు. తప్పు చూసి చెప్పినవాడికి దండం. చూసి దాచినవాడికి దండన. వస్తోంది అనే మాట ఇక వినపడకూడదు. ఎక్కడుందో చెప్పండి, తెలియకపోతే తెలియదనండి."

అందరూ తలలూపారు. తలలూపడం వాళ్ళకు కొత్త కాదు. ఆ రోజు ఎవరూ ఏ తప్పూ చెప్పలేదు. రెండో రోజూ చెప్పలేదు. అదృష్టం బాగుండి రెండు రోజులూ రైలు వేళకే చేరింది. సూదమ్మకు మాత్రం అన్నం సహించలేదు. తప్పులు లేక కాదు, నోళ్ళు లేక ఈ నిశ్శబ్దమని ఆమెకు తెలుసు.

మూడో రోజు ఆమె అందరి ముందు నిలబడి తన తప్పే చెప్పింది. పోయిన నెల ఒక బోగీ మూత బిగించడం మరిచిపోయాను, సగం నీళ్ళు దారిలో ఒలికిపోయాయి, భయపడి చెప్పలేదు అంది. ఎవరూ కదలలేదు. అంతలో పట్టయ్య నెమ్మదిగా ముందుకు పాకాడు.

"అమ్మగారూ, మూడో మైలు దగ్గర బోల్టు వదులుగా ఉందండి. చాన్నాళ్ళ నుంచీ ఉంది."

సూదమ్మ రెండు చేతులూ జోడించి అతనికి దండం పెట్టింది. ఆట పట్టిస్తోందేమోనని పట్టయ్య చుట్టూ చూశాడు. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి, కాదని తెలుసుకున్నాడు.

ఆ సాయంత్రానికి నలభై ఏడు తప్పులు బయటపడ్డాయి. పట్టాలు వేసే అడవిపందులు, డ్రైవరు ఎలుగు మామ, గంట కొట్టే కోతి, ఒక్కొక్కరే వచ్చి చెప్పారు. ఎలుగు మామకు బ్రేకు సరిగా పడడం లేదట, ఏడాదై! వంతెనల దగ్గర మారుపట్టాలు లేవట. సూదమ్మ ఒక్కొక్కటే బాగుచేయించింది. ప్రతి వంతెన పక్కనా ఒక కొత్త పట్టా పెట్టించింది. ఇక రైలు అదృష్టం మీద ఆధారపడకుండా వేళకు రాసాగింది.

ధవళయ్యకు మాత్రం ఇదంతా కంటగింపుగా ఉంది. ముప్పై ఏళ్ళు సకాలం అని రాసిన ముక్కుతో ఇప్పుడు పగుళ్ళు, తుప్పులు, లీకులు రాయాలి. ఆయన రాజుగారి దగ్గరకు పోయి, సూదమ్మ వచ్చాక రైల్వేలో తప్పులు వెయ్యింతలయ్యాయి, కావాలంటే రిజిస్టరు చూడండి ప్రభూ అన్నాడు. రాజుగారు చూశారు. నిజమే, పేజీల నిండా తప్పులు. ఆయన గుర్రుమని, నలభయ్యో రోజు నేనే రైలెక్కుతాను అన్నారు.

ముప్పై తొమ్మిది రోజులు గడిచాయి. ఒక్క రోజూ ఆలస్యం కాలేదు. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

నలభయ్యో రోజు పొద్దున రైలు ఏటిపాలెంలో బయలుదేరింది. ఇంజను వెనక పెట్టెలో రాజుగారు, ఆయన పక్కన సూదమ్మ, మూలగా ఒంటికాలి మీద ధవళయ్య. వెనక పన్నెండు బోగీల నిండా నీళ్ళు.

ముందు పట్టయ్య పాకుతూ పోతున్నాడు. వాగు వంతెన నడిమికి వచ్చేసరికి అతని పొట్టకు ఏదో సన్నగా గీరుకుంది. ఆగాడు. వెనక్కి జరిగి మళ్ళీ పాకాడు. మళ్ళీ గీరుకుంది. వెంట్రుక మందం పగులు. కింద వాగు ఎండిపోయి బండరాళ్ళు తేలి ఉన్నాయి.

దూరంగా రైలు కూత వినిపించింది.

పట్టయ్య ఆలోచనలో పడ్డాడు. రైలు ఆపితే ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే రైలే ఉండదు. రాతిదిబ్బ వాళ్ళంతా ఎండలో నడవాలి. ఆపకపోతే? నిన్న ఇదే పట్టా మీద రైలు పోయింది. ఈ రోజూ పోతుందేమో. తను చూసినట్టు ఎవరికి తెలుసు? వీపు మీద పాత బొబ్బల మచ్చలు చురుక్కుమన్నాయి. పైగా ఈసారి రైల్లో ఉన్నది ఏనుగు కాదు, సింహం.

రెండో కూత దగ్గరగా వినిపించింది.

అతనికి సూదమ్మ చేతులు జోడించడం గుర్తొచ్చింది. ఎర్రజెండా నోట కరుచుకుని రైలుకు ఎదురు పరిగెత్తాడు. పట్టాల మధ్య ఉడుంపట్టు పట్టి నిలబడ్డాడు. మూడో కూత చెవులు పగలగొట్టింది. ఎలుగు మామ బ్రేకు మీద పడ్డాడు. రైలు కిర్రుమంటూ వచ్చి వచ్చి, పట్టయ్య ముక్కుకు మూరెడు దూరంలో ఆగింది.

రాజుగారు ఒక్క దూకున కిందికి దిగారు. ఎవడాపాడని గర్జించారు. పట్టయ్య తోకతో వంతెన మీద పగులు చూపించాడు. ధవళయ్య వంగి చూసి, ఇది వెంట్రుక మందం కూడా లేదు ప్రభూ, ఇవాళ్టికి దాటించేద్దాం, రేపు రాసుకుందాం అన్నాడు. పొద్దు పైకి పాకుతోంది. రాజుగారు సూదమ్మ వైపు తిరిగారు.

"చూసుకో సూదమ్మా. పట్టాలు మార్చడానికి కూర్చుంటే నా షరతు తప్పినట్టే. నీ రైలు ఇవాళ్టితో సరి."

రాతిదిబ్బలో ఖాళీ కుండలు పెట్టుకుని కూర్చున్న తల్లి దుప్పి సూదమ్మ కళ్ళ ముందు కదిలింది. ఆమె రాజుగారికి వీపు తిప్పి, పట్టయ్య ముందు నిలబడి, రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. ఎలుగు మామను సుత్తి తెమ్మంది.

ఎలుగు మామ పట్టా మీద ఒక దెబ్బ వేశాడు. మంచి పట్టా అయితే ఖంగుమంటుంది. ఇది పగిలిన కుండను తట్టినట్టు డొల్లగా మోగింది. రెండో దెబ్బకు పగులు వేలెడు వెడల్పైంది. మూడో దెబ్బకు పట్టా ముక్క విరిగి వాగులో బండల మీద పడింది. ఆ చప్పుడు చాలాసేపు వినిపించింది. రాజుగారు వంగి కిందికి చూసి, రెండడుగులు వెనక్కి వేశారు. ధవళయ్య రెండో కాలు కూడా కింద పెట్టాడు.

మారుపట్టా వంతెన పక్కనే ఉంది. అడవిపందులు పరుగున వచ్చి బిగించాయి. ఎంత తొందరపడినా రైలు రాతిదిబ్బ చేరేసరికి పొద్దు పడమటికి వాలింది. జంతువులు బోగీల చుట్టూ మూగి నీళ్ళు తాగాయి. తాగుతూనే రాజుగారి మొహంలోకి చూశాయి. మూట కట్టుకోవాలో, విప్పుకోవాలో వాటికి తెలియదు.

అప్పుడు ధవళయ్య రిజిస్టరు తెరిచి గొంతు తగ్గించి అన్నాడు. "నీళ్ళయితే వచ్చాయి కదా. ఒక్క మాటతో పోయేదానికి ఇంతమంది ఊరెందుకు వదలాలి? సకాలం అని రాసేస్తాను."

ఈసారి ఆయన మాటలో కుట్ర లేదు, జాలే ఉంది. ఎలుగు మామ నేల చూశాడు. పట్టయ్య కూడా మెల్లగా, రాయనివ్వండి అమ్మగారూ అన్నాడు. తల్లి దుప్పి తల పక్కకు తిప్పుకుంది. రాజుగారూ విననట్టే ఊరుకున్నారు. రాస్తే అందరికీ మంచిదే.

సూదమ్మ తన వీపు మీది ముల్లు ఒకటి పీకి, సిరాలో ముంచి రాసింది.

"ఆలస్యం, మూడు గంటలు. కారణం, వాగు వంతెన మీద పట్టా పగులు. చూసినవాడు పట్టయ్య. అతనికి దండం."

రాసి రిజిస్టరు రాజుగారి ముందు పెట్టింది. రాజుగారు చాలాసేపు చదివారు. పాత పేజీలు తిప్పారు. దుప్పి పిల్లలు చచ్చిపోయిన రోజు దగ్గర సకాలం అని ఉంది. మళ్ళీ ఈ రోజు పేజీకి వచ్చారు. ఆలస్యం అని ఉంది, ఎదురుగా జంతువులు నీళ్ళు తాగుతున్నాయి. ఆయన సూదమ్మ చేతిలోని ముల్లు అడిగి తీసుకుని, కింద తన చేత్తో రాశారు. రాస్తూ పైకి చదివారు.

"ఇంకో తప్పు. ఒక్క పూట ఆలస్యమైతే రైలు మూసేస్తాననడం. భయపడి ఎవరైనా ఆ పగులు దాచి ఉంటే నేనీపాటికి వాగులో ఉండేవాణ్ణి. ఆ తప్పు చేసినవాణ్ణి నేనే. ఆ షరతు కొట్టేస్తున్నాను."

సింహం తప్పు ఒప్పుకోవడం ఆ అడవిలో ఎవరూ వినలేదు. సూదమ్మ నవ్వి, రెండు చేతులూ జోడించింది.

"చూసి చెప్పారు. మీకూ దండం ప్రభూ."

తల్లి దుప్పి అప్పుడు ఏడ్చింది. ఆ పూట దాని ఒంట్లో నీళ్ళున్నాయి.

ఆ తర్వాత ఆ రైలు ఒక్కరోజూ ఆలస్యం కాలేదని చెప్పను, అబద్ధమవుతుంది. మరుసటి వేసవిలో రెండుసార్లు ఆలస్యమైంది. రెండుసార్లూ ధవళయ్య ప్లాట్‌ఫారం మీద ఒంటికాలి మీద నిలబడి, రైలు ఐదో మైలు దగ్గర ఆగింది, గంట పడుతుంది అని గట్టిగా చెప్పాడు. ఆ గంటసేపూ రాతిదిబ్బ జంతువులు ఏనుగుగారి పాత కుర్చీలో వంతులవారీగా కూర్చుని కబుర్లు చెప్పుకున్నాయి. ఎవరూ మూటలు కట్టుకోలేదు.

నీతి: తప్పు చూసి చెప్పినవాణ్ణి దండిస్తే తప్పు పోదు, చెప్పేవాడు పోతాడు.