వార్నిష్ పూసిన దుప్పికొమ్ములు

అనగనగా ఒక ఊళ్ళో, మన దేశంలో కాదులే, స్కాట్లండ్ అనే వానల దేశంలో, ఐలీ అని ఒకావిడ ఉండేది. సైకిలు మీద ఇంటింటికీ ఉత్తరాలు పంచే ఉద్యోగం ఆవిడది. మనిషి మంచిదే గానీ ఒఠ్ఠి భయస్తురాలు. గుమ్మం దాటి పది అడుగులు వేశాక, తాళం పడిందో లేదో అని మళ్ళీ వెనక్కొచ్చే రకం. అచ్చం మీ అమ్మలాగే.

ఆ ఊరి పక్క అడవికి ఒక దేవుడున్నాడు. ఆయన తలమీద దుప్పికి ఉన్నట్టే కొమ్మలు కొమ్మలుగా కొమ్ములుంటాయి. కొమ్ముల సామి అన్నమాట. ఎప్పుడో తాతల నాడు కొలిచారు, ఆ తర్వాత అందరూ మరిచిపోయారు. ఈమధ్యే ఊళ్ళో ఓ పదిమంది చేరి మళ్ళీ కొలవడం మొదలుపెట్టారు. పూజ ఎలా చెయ్యాలో చెప్పే పెద్దలెవరూ మిగల్లేదు. అందుకని తమకి తోచిన పద్ధతి తామే పెట్టుకున్నారు.

ఏమిటా పద్ధతి అంటావా? దుప్పి తనంతట తాను రాల్చుకున్న కొమ్ములే ఏరి తేవాలి. వేటాడి కోసినవి పనికిరావు. ఎండాకాలం మొదట్లో ఒక పొద్దున వాటిని ఒకరు తలకి కట్టుకుంటారు. మిగతావాళ్ళు పాలూ తేనే పోసి మొక్కుతారు. అప్పుడు అడవిలోంచి దుప్పి ఏదైనా దగ్గరికొస్తే సామి మెచ్చినట్టు. మూడేళ్ళుగా ఒక్కటీ రాలేదు. సామికి కోపం వచ్చిందేమోనని అందరికీ లోపల బెంగ.

ఐలీ ఆ ఏడే కొత్తగా చేరింది. కొమ్ములు తెచ్చే పని ఆవిడకే అప్పజెప్పారు. వారం రోజులు అడవంతా తిరిగి, ఒక జత ఏరుకొచ్చి శుభ్రంగా కడిగింది. కడిగినా మట్టిరంగే. సామికి ఇలాంటివా పెట్టేది అనిపించింది పిచ్చితల్లికి. ఒక పూత వార్నిష్ వేసింది. తళతళలాడాయి. ముచ్చటేసి రెండోది వేసింది. ఆ తర్వాత ఎందుకైనా మంచిదని మూడోది కూడా వేసింది.

పూజనాడు కొమ్ములు గుడ్డలో చుట్టుకుని, అందరితోపాటు అడవికి బయల్దేరింది. తన పక్కనే, అందరికీ పెద్దదిక్కైన మోరగ్ మామ్మ కర్ర పొడుచుకుంటూ నడుస్తోంది.

"పూజయ్యాక వీటిని వాగు పక్కన వదిలేస్తామమ్మాయ్" అంది మామ్మ. "మనం వెళ్ళిపోయాక చూలు దుప్పులు వచ్చి కొరుక్కు తింటాయి. కడుపులో పిల్లకి ఎముక గట్టిపడుతుంది."

ఐలీకి వార్నిష్ డబ్బా మీద బొమ్మ గుర్తొచ్చింది, విషమని చెప్పే పుర్రె బొమ్మ. చెప్పేద్దామని నోరు తెరిచింది. అప్పుడే మామ్మకి దగ్గు తెర ముంచుకొచ్చింది. సరే, కాసేపాగి చెబుదామనుకుంది.

ఆ తర్వాత బస్సు నడిపే కాలమ్ కొమ్ములు తలకి కట్టుకున్నాడు. "ఎంత బాగా తోమావు ఐలీ!" అని అందరూ మెచ్చుకున్నారు. మెచ్చుకుంటుంటే ఎలా చెబుతుంది?

ఆ తర్వాత పాలు పోశారు, తేనె పోశారు, సామిని పేరుపెట్టి పిలిచారు. పూజ మధ్యలో చెబితే అపచారమని మూడోసారీ నోరు నొక్కుకుంది. ఇంతకాలం రానిది ఇవాళ మాత్రం ఎందుకొస్తుందిలే, అందరూ వెళ్ళాక వచ్చి తీసేస్తాను అని తనకు తానే సర్దిచెప్పుకుంది.

కొమ్ముల్ని వాగు పక్కన పెట్టి అందరూ వెనక్కొచ్చి కూచున్నారు. అప్పుడు పొదలు కదిలాయి.

ఆడ దుప్పి! నిండు చూలు. కడుపు బరువుకి ఒక్కో అడుగే వేసుకుంటూ వస్తోంది. మామ్మ రెండు చేతులూ జోడించింది. కాలమ్ కళ్ళ వెంట నీళ్ళు కారిపోతున్నాయి. దుప్పి తల వంచింది. కొమ్ముల మీదకి మూతి చాపింది.

"పో! పో అవతలికి!" అని ఐలీ గావుకేక పెట్టి, చేతులూపుకుంటూ దాని మీదకి ఉరికింది.

దుప్పి బెదిరి ఒక్క గెంతులో మాయమైంది.

"ఎంత పని చేశావు! ఇన్నేళ్ళకి సామి పంపిన దాన్ని తరిమేస్తావా?" అని కాలమ్ విరుచుకుపడ్డాడు.

"వాటికి వార్నిష్ పూశాను" అంది ఐలీ. "పొద్దుటినించీ చెప్పాలని చూస్తున్నాను. మీరంతా నన్ను వెలేస్తారని భయమేసింది."

మోరగ్ మామ్మ కర్ర ఊతంతో లేచి, ఐలీ దగ్గరికొచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"వచ్చే ఏడు కూడా కొమ్ములు నువ్వే తేవాలి" అంది. "కడిగి తే. అంతే. ఇంకేమీ పూయకు."

ఆ కొమ్ముల్ని అక్కణ్ణించి తీసేసినా ఐలీకి నిమ్మళం లేదు. దుప్పి నాలిక వార్నిష్‌కి తగిలిందేమో, కడుపులో పిల్ల ఏమైందో అని తిండి సయించేది కాదు. ఉత్తరాలు పంచుతున్నంతసేపూ కళ్ళు అడవివైపే.

నెల దాటాక ఒక పొద్దున, దారికి అడ్డంగా ఆ దుప్పి. దాని వెనక చుక్కల పిల్ల. ఐలీని చూడగానే తల్లీ పిల్లా హడలిపోయి పరుగు లంకించుకున్నాయి. ఐలీ సైకిలు పడేసి, రోడ్డు మీదే కూలబడి ఏడ్చింది. నన్ను చూసి పారిపోతే పోయిందిలే, ఆ పిల్ల నాలుగు కాళ్ళ మీదా ఎంత చక్కగా పరిగెత్తింది అనుకుంటూ.

కొమ్ముల సామి కొండకి,
గంతుల పిల్ల మందకి,
మన కథేమో కంచికి,
నువ్వూ నేనూ నిద్దరకి.