జుబేదాకు కనపడని చుక్క

జుబేదా కొత్త నక్షత్రాన్ని పట్టిందని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. ఆకాశంలో చుక్కలకు కరువొచ్చి కాదు. ఒక్కదాని పక్కనా నా పేరు లేదే అని.

మా ఇద్దరికీ గురువు ఎబినేజరు సారు. మదనపల్లెలో లెక్కలు చెప్పి రిటైరై, మేడ మీద టెలిస్కోపు పెట్టుకున్నారు. ఆయన పద్ధతి ఒకటుంది. మదనపల్లెలో నేను, రాయచోటిలో జుబేదా, ఒకే వేళకు ఆకాశంలో ఒకే చోటును వరసగా ఫోటోలు తియ్యాలి. ఆదివారం పొద్దున సారు మేడ మీద వాటిని పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. ఎందుకని నేనెప్పుడూ అడగలేదు. అడిగితే తెలీదని తెలిసిపోతుంది.

"రాత్రిళ్ళు కూడా పైనున్న ఉపగ్రహాలు ఎండకు అద్దంలా తళుక్కుమని కొత్త చుక్కల్లా మోసం చేస్తాయి, జాగ్రత్త" అన్నది ఆయన మొదటి పాఠం. అప్పుడు తలూపాను. తలూపడంలో నన్ను మించినవాడు లేడు.

ఆ ఆదివారం మెట్లన్నీ ఒక్క పరుగున ఎక్కాను. సారు ముఖం నిండా సబ్బునురగ, చేతిలో చిన్న అద్దం, ఎండలో గడ్డం గీసుకుంటున్నారు. జుబేదా పిట్టగోడ పక్కన లాప్‌టాప్ తెరుస్తోంది.

"దొరికింది సార్! నక్షత్రాల పటంలో లేని చుక్క!"

"దానికి ముందు తీసిన ఫోటోలో ఉందా?"

"లేదు సార్."

"తర్వాతి దాంట్లో?"

"కొత్తది కదా సార్, కాస్త బిడియం."

జుబేదా తన ఫోటోలు వెతికి చూసింది. "నా దాంట్లో ఆడ ఏమీ లేదే, ఓబులేసన్నా!"

నా చెవుల్లో తేనె పోసినట్టయింది. "విన్నారా సార్? ఆమెకు పడలేదు. నాకొక్కడికే! ఇప్పుడే పంపేస్తున్నా."

పంపేది ఎవరికనుకున్నారు? జుబేదాను మెచ్చుకున్న ఆ పెద్ద పెద్ద పరిశీలకులకే. ఫోన్‌లో రాసి పెట్టుకునే వచ్చాను. బొటనవేలు ఆనిస్తే చాలు, నా పేరు లోకమంతా తిరుగుతుంది.

సారు చేతిలో అద్దాన్ని కొంచెం వాల్చారు.

ఎండంతా వచ్చి నా కళ్ళల్లో పడింది. "అబ్బా! సార్!"

"ఏందమ్మా జుబేదా, వాడికేమైంది?"

"ఏమో సార్. నాకేం కనపడలా."

అద్దం మళ్ళీ గడ్డం దగ్గరికి పోయింది. సారు రెండో చెంప మొదలుపెట్టారు.

నేను తలెత్తి చాలాసేపు పైకి చూశాను. పట్టపగలు అక్కడ చూడ్డానికి ఏముంది? జుబేదా ముఖం చూడలేక. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకున్నాను.

"జుబేదా, నీ నక్షత్రం... మా ఊర్నించి కనపడుతుందా?"

"అందరికీ కనపడుతోందన్నా" అంది ఆ పిల్ల. "చూడంది నువ్వొక్కడివే."