గడప దగ్గర తుమ్ము

"గుండయా, రేపు పొద్దుగూకేలోగా మామగారు వాళ్ళ ఊరి దారి పట్టాలి. పొమ్మన్న మాట మాత్రం ఎవరి నోటా రాకూడదు, రాణిగారు నొచ్చుకుంటారు. నీ వల్ల కాలేదా, ఆయన్ని తీసుకొచ్చి మీ ఇంట్లో దింపుతాను!" అన్నాడు రాజు పోలభూపాలుడు.

గుండయ ఆస్థాన విదూషకుడు. కొలువులో ఎవరి నోరైనా మూయించగలవాడే, కానీ ఈ మామగారితో వేగడం ఎవరి తరం? పైగా ఆ రాత్రి సంగతి విని, ఆయన తమ ఇంటికొస్తే పుట్టింటికి పోతానని భార్య నాగసాని తెగేసి చెప్పింది.

మామగారంటే రాణికి మేనమామ ఏచమరాజు. చూసిపోదామని వచ్చి కోటలో తిష్ఠ వేశాడు. రాజుగారి ఉయ్యాలబల్ల ఆయనదైపోయింది. గారెల్లో అల్లం ఎక్కువైందని ఒకరోజు, తక్కువైందని ఒకరోజు వంటవాళ్ళను ఏడిపించాడు. రాజు తీర్పు చెబుతుంటే "అలా కాదు అల్లుడూ!" అని అడ్డు తగిలేవాడు.

పోనీ వెళ్తాడా? బయలుదేరినప్పుడల్లా ఏదో ఒక శకునం. పిల్లి ఎదురైందనో, ఎవరో తుమ్మారనో గడప దాకా వచ్చి వెనక్కి తిరిగేవాడు.

"శకునాన్ని కాదంటే ప్రాణానికే ముప్పు నాయనా!" అంటూ కాళ్ళు కడుక్కుని భోజనానికి కూర్చునేవాడు.

మర్నాడు సాయంత్రం ఏచమరాజు అలవాటుగా ఏటి ఒడ్డుకు షికారు వెళ్ళాడు. షికారుకు ఏ శకునమూ అడ్డురాదు మరి. తిరిగొచ్చేసరికి కోట గుమ్మం పక్కనే గుండయ పొయ్యి పెట్టి, పెద్ద మూకుట్లో ఎండుమిరపకాయలు వేయిస్తున్నాడు.

"ఇక్కడ వంటేమిటయ్యా?"

"తమకిష్టమని కారప్పొడి కొట్టిస్తున్నాను దొరా. దయచేయండి, దయచేయండి!"

ఏచమరాజు అడుగెత్తాడు.

"హాఛ్!" అన్నాడు కావలివాడు.

గుండయ గరిటె పారేసి, రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాడు. "ఆగండి దొరా! తుమ్మాడు! తమ ప్రాణానికే ముప్పు!"

"శకునం వెళ్ళేటప్పుడు చూస్తారు గానీ వచ్చేటప్పుడు చూస్తారటయ్యా?"

"గడప ఒకటే కదా దొరా! బయటికి పోనివ్వని తుమ్ము లోపలికి ఎలా రానిస్తుంది?"

ఇంతలో రెండో కావలివాడూ తుమ్మాడు. ఏచమరాజు మొహం వెలిగిపోయింది.

"రెండు తుమ్ములు శుభం! తప్పుకో!" అని ముందుకు ఉరికాడు. ఘాటు నేరుగా ముక్కుకెక్కింది. తలపాగా ఊడిపడేలా తుమ్మాడు.

గుండయ కిందపడ్డ తలపాగా తీసి, దుమ్ము దులిపి, వినయంగా అందించాడు.

"దొరా, ఇది తమ సొంత తుమ్ము. దీన్ని కాదనడానికి మేమెవరం?"

ఏచమరాజు తలపాగాను చేతుల్లో తిప్పుతూ నిలబడ్డాడు. శకునాలు వట్టివంటే ఇన్నాళ్ళ సాకు బయటపడుతుంది. నిజమంటే గడప దాటలేడు. "పోనీ, కాసేపాగి వస్తాను," అని గొణిగాడు. గుండయ మూకుట్లో ఇంకో గుప్పెడు మిరపకాయలు పోశాడు. కావలివాళ్ళంతా వరసగా తుమ్ములందుకున్నారు.

అప్పటికే ఆయన పెట్టెలతో బండి సిద్ధంగా ఉంది. కొత్త పట్టుబట్టలు, సున్నుండల డబ్బా మోయించుకుంటూ రాణి స్వయంగా వచ్చింది.

"మామయ్యా, నీ ప్రాణం కన్నా మాకేం ఎక్కువ?" అంటూ దగ్గరుండి బండెక్కించింది.

బండి మలుపు తిరిగిందో లేదో, అందరికన్నా ముందు పగలబడి నవ్వింది రాణే!

రాజు మేడ దిగి పరుగున వచ్చి, తన చేతి బంగారు కడియం తీసి గుండయకు తొడిగాడు. "శభాష్ గుండ... హాఛ్!" అన్నాడు. కడియం తొడిగిన రాజూ, తొడిగించుకున్న గుండయా, పక్కనున్న రాణీ తుమ్ములూ నవ్వూ ఆపుకోలేక గుమ్మంలోనే కూలబడ్డారు.