వీపు మీద తామర

కుర్చీ నమూనా చూసి గరుడాచారి మనసు చివుక్కుమంది. నాలుగు కాళ్లు, కూర్చోడానికి ఓ బల్ల, వెనక నిలువుగా ఓ నున్నటి పలక. అంతే. పువ్వు లేదు, చిలక లేదు, తీగ లేదు.

గీసింది అతని గురువు కూర్మయ్యగారు. ఆయన చిత్రకారులు. గోదావరి ఒడ్డున ఓ షెడ్డులో వడ్రంగుల్ని చేర్చుకుని కొత్త తరహా సామాను చేయించేవారు. ఈ కుర్చీలు క్షయరోగుల ఆస్పత్రి వసారా కోసం. రోగులు పగలంతా వాటిలోనే చేరగిలబడి ఉండాలి.

"గరుడం, ఇక నీ ఉలితో చెవి గోక్కో!" అన్నాడు తోటి వడ్రంగి సత్తెయ్య. అందరూ నవ్వారు.

గరుడాచారి నవ్వలేదు. వాళ్లది దేవుడి రథాలు చెక్కిన వంశం. పువ్వును చూసి, ఇది ఫలానావాడి చెయ్యి అని జనం పోల్చేవారు. పువ్వే లేకపోతే తను ఉన్నట్టా, లేనట్టా?

మొదటి కుర్చీ అతనే చేశాడు. ఎవరూ అడగకుండానే వెనక పలక మీద తామర చెక్కాడు.

కూర్మయ్యగారు చూశారు. పైపంచె తీసి పక్కన పెట్టి, ఒట్టి వీపుతో ఆ కుర్చీలో చేరగిలబడి పుస్తకం తెరిచారు. భోజనానికి పిలిచేదాకా కదల్లేదు. అప్పుడు లేచి, గరుడాచారికి వీపు చూపిస్తూ నిలబడ్డారు.

ముసలి వీపు మీద తామర ఎర్రగా అచ్చుపడి ఉంది. ఒక రేకు దగ్గర చర్మం కమిలింది.

గరుడాచారి చెయ్యి చాపి ఆ వీపు తడిమాడు. వెన్ను వంపు వెంట అరచెయ్యి పైనుంచి కిందికి జరిపాడు.

"మీ గీత తిన్నగా ఉంది గురువుగారూ. వీపు తిన్నగా లేదు."

"అయితే దిద్దు," అంటూ ఆయన పెన్సిలు అందించారు.

"నాకు గియ్యడం రాదండీ."

"చెయ్యి కదుపు. చూసి నేను గీస్తాను."

అతను గాలిలో అరచేత్తో వంపు చూపించాడు. ఆయన గీశారు. అది కాదన్నాడు. చెరిపి మళ్లీ గీశారు.

ఆ వంపు ప్రకారం గరుడాచారి కొత్త పలక తొలిచి, చిత్రిక పట్టి, అరచేతికి ఎక్కడా గరుకు తగలనంత నునుపు చేశాడు. కూర్మయ్యగారు వచ్చి కూర్చున్నారు.

"ఇది నా పని అని ఎవరికి తెలుస్తుంది గురువుగారూ?" అని అడిగాడు, కిందికి చూస్తూ.

తలెత్తి చూస్తే, ఆయన నిద్రపోతున్నారు.

అవతల సత్తెయ్య మేకు మీదికి సుత్తి ఎత్తాడు. గరుడాచారి గబగబా వెళ్లి అతని చెయ్యి పట్టుకున్నాడు.