చిలుక మింగిన భయాలు

అనగా అనగా, మీ ముత్తాతల ముత్తాతలు కూడా పుట్టకముందు, రణకేతుడనే రాజుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు విజయకేతు, నడిమివాడు మకరకేతు, అందరికన్నా చిన్నవాడు సుకేతు. ఆ వంశంలో ఒక ఆచారం ఉంది. రాజకుమారుడికి ఐదేళ్లు నిండగానే చేత కత్తి పట్టించి ఒట్టు వేయిస్తారు: "ఆకలనను, నిద్రనను, భయమనను." ఇక ఆ రోజు నుంచి కడుపు మాడినా నోరు విప్పకూడదు. ఇదేం ఆచారమని నన్నడక్కండి, రాజులకు ఇలాంటి పిచ్చి ఆలోచనలు చాలానే వస్తాయి.

ఒకనాడు ధూమకంఠుడనే మాంత్రికుడు నల్లటి పొగలా వచ్చి, పూలతోటలో ఉన్న రాణిని ఎత్తుకుపోయాడు. ఏడు సముద్రాల అవతల, చెట్టూ చేమా లేని దీవిలో వాడి కోట. పెద్దవాడు వెళ్లాడు, తిరిగి రాలేదు. నడిమివాడు వెళ్లాడు, వాడూ రాలేదు. ఇక సుకేతు వంతు వచ్చింది. రాజు కొడుకు నుదుట తిలకం దిద్ది, మొహం పక్కకు తిప్పుకున్నాడు. సుకేతుకి రాజ్యాలు అక్కర్లేదు, కీర్తి అక్కర్లేదు. వాడికి వాళ్లమ్మ కావాలి.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు ఉంది. "మీ అన్నల్నీ నేనే దాటించాను బాబూ. ఎక్కు," అంది.

ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, మూడు దాటారు. సుకేతు కడుపు గుర్రుమంది.

"ఆకలేస్తోందా?" అంది తాబేలు.

"లేదు."

"నీ కడుపు చెబుతోందిగా," అని అది నడిసముద్రంలో ఆగిపోయింది. సుకేతు వెంట తెచ్చుకున్న మూట విప్పి అటుకులూ బెల్లమూ తినేదాకా కదిలితే ఒట్టు.

నాలుగు దాటారు, ఐదు దాటారు, ఆరు దాటారు. సుకేతు కళ్లు మూతలు పడుతున్నాయి.

"నిద్రొస్తోందా?"

"లేదు."

"ఇప్పుడే నా డిప్ప మీంచి జారబోయావు. మీ అన్నలు తినలేదు, పడుకోలేదు. తూలుకుంటూ కోటలోకి వెళ్లారు. నువ్వైనా నా మాట విను."

సుకేతు పడుకున్నాడు. లేచేసరికి ఏడో సముద్రమూ దాటేశారు.

దీవి మీద గాలి లేదు, చప్పుడు లేదు. తాబేలు ఒడ్డునే ఆగింది. "ఇక్కణ్ణుంచి నేను రాలేను బాబూ. నీ లోపల ఏమవుతోందో చూసుకుంటూ వెళ్లు," అంది.

కోట తలుపు తోయకుండానే తెరుచుకుంది. లోపల వరసగా రాతి బొమ్మలు. అన్నీ పిల్లలే. అందరి పెదవులూ గట్టిగా బిగించి ఉన్నాయి. చివరి రెండు బొమ్మల్నీ సుకేతు గుర్తుపట్టాడు. ఒకటి పెద్దన్న, రెండోది చిన్నన్న. ఆ పక్కన ఇనుప చువ్వల గదిలో అమ్మ. ఆమె పెదవులు కదులుతున్నాయి గానీ గొంతు వినబడటం లేదు.

ఎదురుగా ధూమకంఠుడు కూర్చున్నాడు. వాడి తలపైన పంజరంలో ఒక చిలుక ఉంది.

"భయంగా ఉందా, రాకుమారా?" అన్నాడు మెల్లగా.

సుకేతు నాలుక పిడచకట్టుకుపోయింది. అయినా ఒట్టు ఒట్టే. "లేదు," అన్నాడు.

చిలుక నోరు తెరిచి ఏదో గుటుక్కున మింగింది. సుకేతు పాదాలు చల్లబడి రాయైపోయాయి.

"భయంగా ఉందా?"

"లేదు."

చిలుక మళ్లీ మింగింది. ఉబ్బి కోడిపుంజంత అయింది. రాయి నడుము దాకా పాకింది. మాంత్రికుడు, తనే కడుపునిండా తిన్నట్టు, హాయిగా త్రేన్చాడు. అది విన్నాక సుకేతుకి అర్థమైంది. చిలుక తింటే వీడికి బలం. వీడి ప్రాణం దాంట్లోనే ఉంది. పిల్లలు దాచుకున్న భయమే దాని మేత.

"భయంగా ఉందా?" అన్నాడు మాంత్రికుడు మూడోసారి.

చెబితే ఒట్టు తప్పుతుంది. నాన్న ఇంట్లోకి రానిస్తాడో లేదో. సుకేతు అమ్మ వైపు చూశాడు.

"ఉంది. చాలా భయంగా ఉంది. కడుపులో తిప్పుతోంది. చేతులు వణుకుతున్నాయి. నాకు ఏడుపొస్తోంది. మా అమ్మ కావాలి."

చిలుక నోరు తెరిచింది. మింగడానికేమీ దొరకలేదు.

"నోర్ముయ్. రాజు కొడుకువి, సిగ్గులేదూ?" అని అరిచాడు ధూమకంఠుడు.

"సిగ్గుగా కూడా ఉంది," అన్నాడు సుకేతు.

కోడిపుంజంత చిలుక కాకంతైంది. కాకంతది పిచ్చుకంతైంది. పంజరం చువ్వల సందులోంచి దూరి, కిటికీ దాటి ఎగిరిపోయింది. ప్రాణం అలా ఎగిరిపోయేసరికి మాంత్రికుడు పిడికెడు బూడిదై రాలిపోయాడు.

రాతి పిల్లలందరూ ఒక్కసారి ఊపిరి పీల్చి, ఒక్కసారే భోరుమన్నారు. వాళ్లలో పక్క రాజ్యపు రాజకుమార్తె వకుళ ముందుగా కళ్లు తుడుచుకుని, "ఆకలేస్తోంది," అంది. సుకేతు నడుము దాకా పాకిన రాయి కరిగిపోయింది గానీ భయం పోలేదు, కాళ్లింకా వణుకుతూనే ఉన్నాయి. ఆ వణికే కాళ్లతోనే పరిగెత్తి, ఊడిపడిన ఇనుప చువ్వలు దాటి అమ్మను వాటేసుకున్నాడు.

తాబేలు విడతలు విడతలుగా అందరినీ దాటించింది. ఒడ్డున రాజు నిలబడి ఉన్నాడు, ఆయన వెనక మంత్రులు, సేనాపతులు. సుకేతు తల దించుకున్నాడు.

"నాన్నగారూ, ఒట్టు తప్పాను. భయమేసిందని చెప్పేశాను."

రాజు అంతమంది ముందు ఇసుకలో మోకాళ్ల మీద కూలబడి కొడుకును దగ్గరకు తీసుకున్నాడు.

"నాకూ భయమేసిందిరా," అన్నాడు. "మీరు వెళ్లిన రోజు నుంచీ తిండి సయించలేదు, కంటిమీద కునుకు లేదు. ఎవరితో చెప్పుకోవాలో తెలియలేదు."

పెద్దయ్యాక సుకేతు, వకుళ ఒకరినొకరు ఇష్టపడి పెళ్లి చేసుకున్నారు. వకుళ రాజ్యాన్ని ఇద్దరూ కలిసి చాలా ఏళ్లు చల్లగా ఏలారు. వాళ్ల ఏలుబడిలో పిల్లలు ఏడిస్తే ఊరుకోమనేవారు కాదు, ఎందుకని అడిగేవారు. కథ వెళ్లి పడుకుంది, ఇక మనమూ పడుకుందాం.