వేలాడిన రాయి

ఏది అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు విరూపాక్షయ్యవారికి లేదు. ప్రశ్న విని, చేతికేదో పని అప్పజెప్పేవారు. ఆశ్రమానికి కొత్తగా వచ్చిన కేదారికి ఇది మింగుడుపడలేదు. వాదనలో ఎదుటివాణ్ణి నిలవనిచ్చే రకం కాదతను. ఒక ఉదయం సంగటి తింటూ అడిగాడు.

"కదిలేదాంట్లో శక్తి ఉందంటే ఒప్పుకుంటాను, అయ్యవారూ. కదలనిదాంట్లోనూ ఉందంటారే. కంటికి కనబడనిదాన్ని కొలిచేదెట్లా?"

"చెయ్యి కడుక్కుని రా," అన్నారాయన.

ఆశ్రమం వెనక కొత్త బావి తవ్వుతున్నారు. లోపల గంగులప్ప రాళ్లు పెకలించి తట్టకెక్కిస్తాడు. ఒడ్డున ఉన్నవాళ్లు పిడి తిప్పితే తాడు దుంగకు చుట్టుకుంటూ తట్ట పైకొస్తుంది. బావులు తవ్వేవాళ్లకు ఒక కట్టుబాటుంది: బరువు పైనుండగా, దుంగ వెనక్కి తిరక్కుండా చీల దిగ్గొట్టందే పిడి మీంచి చెయ్యి తియ్యకూడదు. గంగులప్ప ఆ మాట చెప్పే కిందికి దిగాడు. అయ్యవారు ఆ పూట పిడి అప్పజెప్పింది కేదారికి. అతను వినీ విననట్టు తలూపాడు.

మొదటి రాయి బావిలో సగం దాకా ఉన్న గట్టు మీంచి వచ్చింది. అంతే బరువున్న రెండోది అడుగు నుంచి లాగేసరికి కేదారి ఒళ్లంతా చెమట.

"తేడా ఏమిటి?" అడిగారు అయ్యవారు.

"రాయి అంతే. తిప్పడం మాత్రం రెట్టింపయింది."

"సరే, కొలత మొదలుపెట్టావు. ఇంకోటి లాగు."

మూడోది తట్టలో పట్టక తాడుకే కట్టిన బండరాయి. ఒడ్డు దాకా తెచ్చి, ఊపిరి తీసుకోవడానికి ఆగాడు కేదారి. రాయి ఉలుకూ పలుకూ లేకుండా వేలాడుతోంది. చూస్తే అతనికి నవ్వొచ్చింది. "నా కష్టమంతా అయిపోయింది. ఇక దీంట్లో ఏముంది, అయ్యవారూ?" అంటూ చూపించడానికి ఒక చెయ్యి ఎత్తాడు. చీల సంగతి గుర్తే లేదు.

చెమటకు రెండో చెయ్యి జారింది. పిడి గిర్రున వెనక్కి తిరిగింది. కింద మనిషున్నాడని అప్పుడు తట్టి, కేదారికి పై ప్రాణాలు పైనే పోయాయి. పరిగెడుతున్న తాడును రెండు చేతులా పట్టుకున్నాడు. అరచేతులు కాలిపోతున్నా వదల్లేదు. అయ్యవారు దుడ్డుకర్ర తెచ్చి దుంగ మీద ఒళ్లంతా బరువేసి అదిమారు. కమురు వాసన లేచింది. తాడు ఆగింది.

లోపలి నుంచి చప్పుడు లేదు. కేదారికి తొంగిచూసే ధైర్యం చాలలేదు.

"చీల కొట్టు సామీ." కింద నుంచి గంగులప్ప అరిచాడు. "రాయి నా తలపాగకు తగుల్తా ఉండాది."

చీల అయ్యవారే కొట్టారు. గంగులప్ప పక్కకు తప్పుకుని, గోడ మెట్లు పట్టుకుని పైకొచ్చి, ఒడ్డున కూలబడి నీళ్లు తాగాడు. కేదారి అతని కాళ్ల దగ్గర కూర్చుని ఏడ్చేశాడు.

"ఊరికే వేలాడుతోందనుకున్నాను," అన్నాడు.

"ఊరికేనా? పొద్దున నువ్వు తిన్న సంగటి అందులోనే ఉంది." అయ్యవారు శిష్యుడి అరచేతులు విప్పి, బొబ్బలకు ఆముదం రాశారు. "కొంత ఇక్కడ దిగింది. కొంత దుంగను కాల్చింది. తక్కినది ఎక్కడ దిగేదో, దాని కొలత గంగులప్పనడుగు."